విత్తు ఎవరిది? అవయవవాచకాలలో స్త్రీ పురుష జంటపదాలు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. నల్లమల, వెలిగొండల అంచున ఉన్న ఈ మెట్టసీమలో జీవాల పెంపకం ప్రధాన జీవనాధారాలలో ఒకటి. అందువల్ల పొట్టేలు-గొర్రె, మేకపోతు-మేక, దున్నపోతు-బర్రె, కోడె-పెయ్య వంటి జంటపదాలు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. మంద మొత్తానికి పేరు ఆడదానిదే: గొర్రెల మంద, మేకల మంద. విత్తు మాత్రం మగదానిది. సంతతి కోసం ఉంచేది విత్తనపు పొట్టేలు. విత్తు కొట్టించాకే కోడె ఎద్దవుతుంది. ఇక్కడ విత్తు అంటే వృషణమే. పురుషుడు బీజం, స్త్రీ క్షేత్రం అన్న ధర్మశాస్త్ర భావన రైతు నోట ఇంత సహజంగా స్థిరపడింది.

స్త్రీ దేహంలోని ప్రతిరూపం కంటికి కనబడదు. గర్భసంచికి వాడుకపేరు ఉంది గాని, దాని పక్కనున్న బీజకోశానికి పల్లెలో పేరు వినిపించదు. క్షీరదాల అండాన్ని ఫాన్ బేయర్ గుర్తించినదే 1827లో.

శాస్త్రపదాల చరిత్ర మరింత ఆసక్తికరం. అమరకోశంలో ముష్క, అండకోశ, వృషణ శబ్దాలు పర్యాయాలు. అండవృద్ధి పురుషునికి వచ్చే వ్యాధి. నేటి తెలుగు పాఠ్యపుస్తకంలోనో అండకోశం పుష్పంలోని స్త్రీభాగం, అండాశయం స్త్రీ అవయవం. శబ్దం పురుష దేహాన్ని విడిచి స్త్రీ దేహాన్ని చేరింది. ఐరోపాలో జరిగింది దీనికి భిన్నం. గాలెన్ సంప్రదాయం స్త్రీ అవయవాన్ని స్త్రీ వృషణమనే పిలిచింది. 1672లో డి గ్రాఫ్ గ్రంథం వెలువడిన కాలానికి గాని అండంతో ముడిపడిన పేరు దానికి స్థిరపడలేదు.

అండాశయం కన్న స్త్రీబీజకోశం మేలైన పదమని నా అభిప్రాయం. విత్తు ఆమెకూ ఉందని అది పేరులోనే చెబుతుంది. అయితే అదే పాఠంలో పురుషావయవం ముష్కం, పురుషబీజకోశం కాదు. ఒకరికి సొంత పేరు, మరొకరికి విశేషణంతో కూడిన పేరు. దీనిని పదనిర్మాతల దురుద్దేశం అనలేం. ముష్కం సిద్ధంగా దొరికిన పాతమాట, స్త్రీబీజకోశం కొత్తగా కట్టుకోవలసి వచ్చిన సమాసం.

అసలు చిక్కు గొడ్రాలు దగ్గర ఉంది. గొడ్డుటావు నుంచి గొడ్రాలి దాకా పశువుకూ స్త్రీకీ ఒకే ప్రాతిపదిక. పురుషునికి దీటైన వాడుకమాట లేదు. నపుంసకుడు అన్నమాట మగతనాన్ని కాదంటుంది, సంతానసామర్థ్యాన్ని కాదు. అపుత్రకుడు వారసత్వానికి సంబంధించినది, దేహానికి కాదు. కాబట్టి బీజంలో లోపమున్నా దానిని చెప్పే మాట ఇంట్లో ఉండదు. పరీక్షకు భర్త వెళ్లకముందే పేరు భార్యకు పడిపోతుంది. పిల్లలు పుట్టకపోవడం దంపతుల స్థితి. గొడ్రాలు అన్న పదం దానిని ఒక్క దేహానికి రోగంగా అంటగడుతోంది. నిఘంటువులో ఈ మాటకు అర్థం రాసేవారు ‘సంతానం లేని స్త్రీ’కీ ‘సంతానం కలగని దేహం గల స్త్రీ’కీ మధ్య దూరాన్ని గుర్తించి రాయవలసి ఉంది.