కుక్క కోసం నిలబడినవాడు

మంచుకొండల మీద కుక్కను వెంటేసుకుని తిరిగే సాహసాల గురించి గోదావరిఖనిలో కూర్చుని రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. మా దగ్గర కొండలు రెండే రకాలు. ఒకటి రామగిరి ఖిల్లా. రెండోది ఓపెన్‌కాస్టు గనులు తవ్వి పోసిన మట్టి గుట్టలు. ఇక మంచు అంటారా, మే నెలలో రోళ్ళు పగిలే ఎండ కాసే ఊళ్ళో మంచంటే ఫ్రిజ్జు పైఅరలో పేరుకునేదే. అయినా చదువుకునేవాళ్ళకు ఊరేమిటి, ఎండేమిటి? లంకలో అడుగు పెట్టకుండానే సుందరకాండ పారాయణం చేస్తున్నాం కదా!

పైగా మంచు మనకు మరీ అంత పరాయిదేం కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కి నిలబడింది. అప్పటికి ఆ పిల్లకు 14 ఏళ్ళు నిండలేదు. బదరీనాథ్ యాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు? అక్కడికి దగ్గర్లోని మానా గ్రామం అవతల, పాండవులు స్వర్గానికి నడిచిన దారి ఇదేనని చూపిస్తారు. ఆ దారిలో వాళ్ళ వెనకాలే ఒక కుక్క కూడా నడిచింది. నేను చివరికి చేరాలనుకున్నదీ ఆ కుక్క దగ్గరికే. కానీ దారిలో ఒకటి రెండు మజిలీలున్నాయి, కాస్త ఓపిక పట్టండి.

మొదట ఈ సాహసమంటే ఏమిటో చెప్పాలి. స్కీలంటే కాళ్ళకు కట్టుకునే పొడుగాటి సన్నని పలకలు. వాటి మీద మంచులో జారుతూ కొండ దిగుతారు. మన దేశంలో గుల్మార్గ్‌లో, ఔలీలో ఈ ఆట ఉంది. కొందరు తీగల మీద నడిచే బండి ఎక్కకుండా, మనుషులు తిరగని కొండల్లోకి తమ కాళ్ళ మీదే ఎక్కుతారు. అందుకోసం స్కీ అడుగున ఒక పట్టీ అతికిస్తారు. మఖమల్ గుడ్డను ఒక వైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుగ్గా ఉంటుందే, సరిగ్గా అలాంటిది. ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. పైకి చేరాక పట్టీ ఊడదీసి సంచిలో పెట్టుకుని, ఝామ్మని దిగడమే.

కుక్కను తీసుకువెళ్తే మాత్రం ఆ ఝామ్మనడం కుదరదు. ఎక్కేటప్పుడు అదే ముందు పరుగెడుతుంది. దిగేటప్పుడే కష్టం. మెత్తటి మంచులో పొట్టదాకా కూరుకుపోతుంది. వేళ్ళ సందుల్లో మంచు గడ్డకట్టి కుంటుతుంది. స్కీల ఉక్కు అంచులు కత్తుల్లాంటివి, పక్కనే పరుగెత్తే కుక్క కాలి నరం తెగిపోవచ్చు. కాబట్టి బుద్ధి ఉన్న యజమాని కాస్త దిగి ఆగాలి, వెనక్కి తిరగాలి, అది వచ్చిందాకా చూడాలి, మళ్ళీ కాస్త దిగాలి. ఇలాంటి కథలు చదివేటప్పుడు నేను పట్టుకునే కొలబద్ద ఇదే. ఎంత ఎత్తు ఎక్కాడని చూడను. ఎక్కడ ఆగాడు, ఎవరి కోసం ఆగాడు అని చూస్తాను.

ఈ కొలబద్దకు నిలవని కథల్లో అన్నిటికన్నా పేరున్నది అముండ్సెన్ గారిది. నార్వే దేశస్థుడు. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని మొట్టమొదట చేరుకున్న అయిదుగురికీ నాయకుడు. స్కీలు, కుక్కలు లాగే బళ్ళు, ఈ రెండే ఆయన బలం. బయలుదేరినప్పుడు 52 కుక్కలు. పెద్ద మంచునది ఎక్కి పైనున్న మైదానం చేరాక, ముందే వేసుకున్న లెక్క ప్రకారం 24 కుక్కలను కాల్చేశారు. ఆ మాంసం మిగతా కుక్కలకు పెట్టారు, తామూ తిన్నారు. తిరిగి శిబిరానికి చేరినవి 11. ఇదంతా ఆయనే 1912లో పుస్తకంగా రాశారు, దాచుకోలేదు. అందులో నన్ను పట్టుకున్నది ఒక చిన్న సంగతి. బయట తుపాకులు పేలుతుంటే, గుడారంలో వంట చూస్తున్న ఆయన ఆ చప్పుడు వినబడకుండా ప్రైమస్ స్టవ్వుకు గబగబా గాలి కొట్టారట. పంపు స్టవ్వు బుస్సుమంటుంటే పక్కగదిలో పిల్లాడి ఏడుపు కూడా వినబడదని మనలో పాతకాలం వాళ్ళకు తెలుసు. ధ్రువం జయించినవాడి గురించి ఏమనుకోవాలో తేల్చుకోలేకపోయినప్పుడల్లా ఆ స్టవ్వు చప్పుడే గుర్తొస్తుంది. గట్టివాడే. కానీ చెవులు మూసుకోవలసి వచ్చినవాడు. ఆ పుస్తకం గొప్ప ప్రయాణ కథ, కాదనను. అందులో కుక్క మాత్రం బండికి పోసే కిరసనాయిలే.

రెండో మజిలీ మన సినిమా హాల్లో. 2022 జూన్ 10న విడుదలైన ‘777 చార్లీ’ని మీలో చాలామంది చూసే ఉంటారు. కన్నడంలో తీసి తెలుగుతో పాటు మరికొన్ని భాషల్లోకీ మార్చారు. కిరణ్‌రాజ్ దర్శకుడు, రక్షిత్ శెట్టి హీరో. 69వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ కన్నడ చిత్రంగా ఎంపికైంది. హీరో ఒక ఫ్యాక్టరీ పనివాడు. కాలనీలో ఇల్లు, ఎవరితోనూ మాటా మంతీ లేదు. మా సింగరేణి క్వార్టర్లలో ఇలాంటివాళ్ళు వరసకొకరు కనబడతారు. ఆ ఇంటికి ఒక కుక్క వచ్చి చేరుతుంది. దానికి తగ్గని జబ్బని తెలిశాక, దానికి మంచు చూపించాలని ఇతను హిమాలయాల దాకా మోటారు సైకిలు పక్క బండిలో ఎక్కించుకుని వెళ్తాడు.

మొదటి సగం నాకు చాలా నచ్చింది. కుక్క ఇల్లంతా పీకి పందిరి వేస్తుంటే విసుక్కునే మనిషిలో ప్రేమ ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించలేం. అది మంచి పనితనం. రెండో సగంలో మాత్రం, మనం ఏడుస్తున్నామో లేదో అని సంగీతం మాటిమాటికీ తొంగిచూస్తుంది. ఇంకో అనుమానం. మంచు చూడాలన్నది కుక్క కోరికేనా? టీవీలో మంచు చూసి గంతులేసిందని మనిషి అనుకున్నాడు. జబ్బు చేసిన ప్రాణిని అంత దూరం తిప్పడం దాని కోసమా, తన కోసమా? సినిమా ఈ ప్రశ్న అడిగి ఉంటే ఇంకో మెట్టు ఎక్కేది. అయినా మన కొలబద్ద ప్రకారం మార్కులు వేయాలి. ఈ మనిషి ఆగాడు. తన బతుకు నడకను ఆ కుక్క నడకకు సరిపోయేలా తగ్గించుకున్నాడు.

హీరోకు పెట్టిన పేరు ధర్మ. ఎందుకు పెట్టారో చెప్పక్కర్లేదుగా! ఇదిగో, అసలు చోటికి వచ్చాం.

భారతం ఎత్తుకోవడమే ఒక కుక్కపిల్లతో ఎత్తుకుంటుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవతల కుక్క సరమ కొడుకు ఆడుకుంటూ వస్తే, రాజుగారి తమ్ముళ్ళు ఊరికే కొడతారు. సరమ వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేశాడని కొట్టారని నిండు సభలో నిలదీస్తుంది. జవాబు చెప్పేవాడు లేడు. నన్నయగారి చేతిలో ఆ తల్లి మాటలు ఎంత మర్యాదగా, ఎంత సూటిగా ఉంటాయో చదివి తీరాలి. చివరికొచ్చేసరికి మరో కుక్క. మహాప్రస్థానంలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోతారు. ధర్మరాజు, కుక్క మిగులుతారు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు చోటు లేదు, నువ్వు ఎక్కు అంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి నాకే స్వర్గమూ వద్దంటాడు ధర్మరాజు. చిన్నప్పట్నుంచీ విన్న కథే.

ఒక మధ్యాహ్నం ఈ కథ మాటల్లోకి వస్తే మా ఎదురింటావిడ బియ్యం ఏరుతూ అంది: “కుక్క కోసం ఆగిండు, మంచిదే అక్కా. మరి పెండ్లాం పడ్డప్పుడు ఎందుకాగలే?”

ఆవిడ భర్త బొగ్గు బాయిలో పనిచేస్తాడు. ఆ ప్రశ్న పుస్తకంలోంచి వచ్చింది కాదు. మా ఊళ్ళో అందరికీ గుర్తున్న తేదీ 2003 జూన్ 16. ఆ రోజు ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది పోయారు. పడ్డవాడి కోసం ఎవరు ఆగుతారు, ఎవరు వెనక్కి తిరుగుతారు అన్నది ఇక్కడి ఆడవాళ్ళకు కథ కాదు. గనుల్లో రక్షణ దళానికి ఒక నియమం ఉంటుంది. లోపలికి కలిసే వెళ్తారు, కలిసే వస్తారు. ఒక్కడికి ఒంట్లో బాగాలేకపోయినా జట్టంతా వెనక్కి తిరగాల్సిందే.

మహాప్రస్థానంలో ఆ నియమం లేదు. ద్రౌపది పడింది. ఎందుకు పడిందని భీముడు అడిగాడు. అర్జునుడి మీద పక్షపాతం ఉండేదని చెప్పి, వెనుదిరిగి చూడకుండా ధర్మరాజు నడిచాడు. చూశారా చోద్యం! అయిదు కంచాలు వడ్డించే ఇల్లాలి చేతిలో ఏ కంచంలో ముద్ద కాస్త పెద్దదైందో లెక్కలు తీస్తే, మనలో ఎవరు కొండెక్కగలం?

ఎదురింటావిడ ప్రశ్న ఇంద్రుడు కూడా అడిగాడు. భారతం గొప్పదనం నాకు ఇక్కడే కనిపిస్తుంది, మనకు తట్టే ఎదురుప్రశ్న దానికి ముందే తట్టింది. తమ్ముళ్ళనూ భార్యనూ విడిచినవాడివి కుక్కను విడవలేవా అంటాడు ఇంద్రుడు. వాళ్ళు చనిపోయారు, బతికించడం నా చేతిలో లేదు, బతికుండగా నేను విడవలేదు అని ధర్మరాజు జవాబు. తర్కం బాగానే ఉంది. కానీ నాకు మింగుడు పడదు. వెనక్కి తిరిగి చూడనివాడికి, పడ్డది ప్రాణంతో ఉందో లేదో ఎలా తెలిసిందండీ?

చాలామంది పెద్దలు కథను ఇక్కడ ముగించి, కుక్క యమధర్మరాజుగా మారిందనీ, పరీక్ష నెగ్గాడనీ చెప్పి చేతులు దులుపుకుంటారు. పరీక్ష అని ముందే తెలిస్తే ఎవడైనా నెగ్గుతాడు. ఆ సమయానికి ధర్మరాజుకు తెలిసింది కుక్కేనని, అందుకే అతను నిలబడడం నాకు పెద్ద విషయం. కానీ కథ అక్కడ అయిపోలేదు. మిగతాది స్వర్గారోహణ పర్వంలో ఉంది. విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కనగారు కలం దించింది ఆ పర్వం దగ్గరే.

స్వర్గంలో ధర్మరాజుకు దుర్యోధనుడు వైభవంగా కనిపిస్తాడు, తనవాళ్ళు కనబడరు. వాళ్ళున్న చోటికి తీసుకెళ్ళమంటాడు. దేవదూత చీకటి దారిలో, దుర్గంధంలో నడిపించి నరకానికి తీసుకెళ్తాడు. భరించలేక ధర్మరాజు వెనక్కి తిరగబోతాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు: కాసేపు నిలబడమని, నువ్వుంటే మాకు హాయిగా ఉందని. ఎవరు మీరంటే ఒక్కొక్కరే పేరు చెబుతారు. అందులో ద్రౌపది గొంతూ ఉంది. అప్పుడు ధర్మరాజు, నేను రాను, ఇక్కడే ఉంటాను, నువ్వెళ్ళి దేవతలకు చెప్పు అంటాడు దూతతో.

నా చదువు ప్రకారం ఆ రెండు పర్వాలూ ఒకే కథ. మంచు మీద భార్య కోసం ఆగనివాడు, కుక్క కోసం ఆగాడు. ఆగడం ఒకసారి అలవాటయ్యాక, చీకట్లో భార్య గొంతు వినగానే అడుగు ముందుకు వేయలేకపోయాడు. కుక్క అతన్ని పరీక్షించిందనే అందరూ అంటారు. పాఠం నేర్పిందని నేనంటాను. అముండ్సెన్ స్టవ్వుకు గాలి కొట్టి వినకుండా ఉన్నదీ, ధర్మరాజు చీకట్లో నిలబడి విన్నదీ, ఆ రెండు కథల మధ్య తేడా అంతే.

కాబట్టి కొండల సాహసం ఏది మీ చేతికొచ్చినా శిఖరం పేజీ కోసం వెతక్కండి. వెనకబడ్డవాళ్ళ పేజీ ఎక్కడుందో చూడండి. అది లేకపోతే పుస్తకం ఎంత బరువున్నా తేలికే.

ఎదురింటావిడకు నరకం సంగతి కూడా పూర్తిగా చెప్పాను. ఏరిన బియ్యం చేటలోంచి గిన్నెలోకి పోస్తూ, “గంత దూరం పోతెగాని సమజ్ కాలేదా అక్కా?” అంది. భారతం మీద ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను కానీ, ఇంత క్లుప్తమైనది ఇంకొకటి చూడలేదు.