గైడు లాక్కున్న ఆవిడ

బి.ఏ. చదివే రోజుల్లో, ఇ.ఎం. ఫోర్‌స్టర్ 1908లో రాసిన ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’ నవల నన్ను ఊపేసింది. ఫ్లోరెన్స్‌లో శాంతా క్రోచే చర్చికి వెళ్తుంటే లూసీ చేతిలోని బేడెకర్ గైడు పుస్తకాన్ని మిస్ లావిష్ లాగేసుకుని, పిల్లని నడిదారిలో వదిలేసి పోతుంది. ఆ పుస్తకం పోయాకే లూసీ కళ్లు తెరిచి చూడడం మొదలుపెడుతుంది. యాత్రంటే అలా ఉండాలని చాలామందికి ఉపన్యాసాలు కూడా ఇచ్చానండోయ్!

మ్యూనిక్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు శుక్రవారం రాత్రి బస్సెక్కి, శనివారం ఫ్లోరెన్స్ చూసి, ఆ రాత్రే తిరుగు బస్సెక్కిందట.

“పరుగులే గానీ, చూసిందేమిటే?” అన్నాను.

“బస్సులో పడుకుంటే గది అద్దె మిగులుతుంది అత్తా! శాంతా క్రోచేలో టికెట్టు డబ్బులు గిట్టాలని మూడు గంటలు కూర్చున్నా. డాంటేకి సమాధి కట్టారు గానీ అందులో ఆయన లేడు. సొంత ఊరు వెళ్లగొడితే 1321లో రవెన్నాలో పోయాడట. ఎందుకో ఏడుపొచ్చింది” అంది.

నవల మళ్లీ తీశాను. లూసీకి తోడొచ్చిన షార్లెట్ ఖర్చులో కొంత లూసీ తల్లే పెట్టుకుంది. ఆ ముక్క అప్పట్లో నా కంటికి ఆనలేదు. పెళ్లికాని ఆ పేద చుట్టం చిల్లర లెక్కలతో ఫోర్‌స్టర్ మనల్ని నవ్విస్తాడు. నవ్వొస్తుంది కూడా. కానీ ఆ లెక్కల వెనకున్న సిగ్గు దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగడు.

అన్నట్టు, గైడు లాక్కున్న ఆ మిస్ లావిష్ కూడా నవలలు రాసే ఆవిడే!

ఈసారి వియన్నా బస్సు ఛార్జీ నేనిస్తానన్నాను.

“ఛార్జీ వద్దత్తా, మ్యూజియం టికెట్టు కొనిపెట్టు చాలు” అంది.