ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క ప్రశ్న

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా కంప్యూటర్ పదే పదే మొరాయిస్తోందంటే చాలామంది నోట మొదట వచ్చే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". ఉదాహరణకు, డెస్క్‌టాప్ తెరుచుకున్న అరనిమిషానికే ఐకాన్లు, టాస్క్‌బార్ మాయమవుతాయి. మళ్లీ వస్తాయి, మళ్లీ పోతాయి. అదే యంత్రాన్ని ఇంట్లో ఇంకొకరో, డీటీపీ షాపులో పక్క ఆపరేటరో తమ ఖాతాతో తెరిస్తే సాయంత్రం దాకా చక్కగా నడుస్తుంది. ఈ రెండో సంగతి అడిగి తెలుసుకోకుండా విండోస్‌ను తుడిచేసి కొత్తగా ఎక్కించడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టడమే. "ఒక్క ఖాతాలోనే ఇలా అవుతోంది" అన్న మాటను మనం ఫిర్యాదుగా వింటాం. నిజానికి తప్పు ఎక్కడ వెతకాలో చెప్పే ఆనవాలు అది. దాన్ని పట్టుకుని నడవడమే రిపేరు పనిలో అసలైన పనితనం.

ఎందుకో చూద్దాం. కంప్యూటర్‌లో కొన్ని అందరికీ ఉమ్మడి: ప్రాసెసర్, మెమరీ, డ్రైవర్లు, విండోస్ సొంత ఫైళ్లు. ఉమ్మడి దూలం విరిగితే అన్ని వాటాల మీదా పడుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ విండోస్ లోపలి పొరనే దెబ్బతీసింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు కూలాయి, శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ ఎవరి ఖాతా అన్న తేడా లేదు. మనం మాట్లాడుకుంటున్న జబ్బు దానికి పూర్తిగా తలకిందులు. సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డరులో ప్రతి మనిషికీ ఒక సొంత గది ఉంటుంది. ఆ మనిషి సెట్టింగులు దాచుకునే ఎన్‌టీయూజర్.డాట్ అనే ఫైలు, ప్రోగ్రాములు తమ సామాను పెట్టుకునే యాప్‌డేటా ఫోల్డరు, ఆ ఒక్క ఖాతా కోసం లాగిన్ కాగానే లేచే ప్రోగ్రాముల జాబితా అన్నీ ఆ గదిలోవే. విండోస్ 10లో 1809 కూర్పు వచ్చినప్పటి నుంచి ఫాంట్లను సైతం ఒక్క యూజరుకే వేసుకోవచ్చు. లినక్స్‌లోనూ ఇంతే: హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే పేర్లున్న దాగిన ఫైళ్లు, ఆ యూజరు తగిలించుకున్న గ్నోమ్ ఎక్స్‌టెన్షన్లు. పక్క ఖాతా బాగుందంటే ఉమ్మడి సామాను చాలావరకు నిర్దోషి. వెతకాల్సిన చోటు ఇల్లంతా కాదు, ఒక్క గది.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. కారణం ఉన్నచోట ఫలితం ఉంటుంది, లేనిచోట ఉండదు అని చూసి తేల్చడాన్ని మన న్యాయ దర్శనం అన్వయ వ్యతిరేకాలు అంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బును పరిశోధిస్తున్నవారూ కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఉన్నదేమిటి, జబ్బు అంతగా లేని ఊళ్లలో లేనిదేమిటి అనే కదా అడుగుతున్నారు. మనుషుల ప్రాణాలతో ఒక యంత్రాన్ని పోల్చలేం, కానీ ప్రశ్న వేసే తీరు ఒకటే. యంత్రం దగ్గర ఉన్న వెసులుబాటు ఏమిటంటే ఆ తేడాను మనమే సృష్టించి చూడవచ్చు. కొత్త ఖాతా తెరవడం ఐదు నిమిషాల పని. అందులో అదే పని చేసి చూడాలి. నిలబడితే పాత ఖాతాకు తిరిగొచ్చి, లాగిన్‌తో పాటు లేచే ప్రోగ్రాముల్లో సగం ఆపాలి. జబ్బు ఆగిందా, తప్పు ఆ సగంలో ఉంది. ఆగలేదా, మిగతా సగంలో చూడాలి. దోషి ఒక్కటే అయితే 16 ప్రోగ్రాముల్లో దాన్ని పట్టుకోవడానికి నాలుగు ప్రయత్నాలు చాలు. విండోస్ ఈవెంట్ వ్యూయర్ చాలాసార్లు కూలిన ప్రోగ్రాము పేరుతో పాటు కూల్చిన ఫైలు పేరు కూడా రాసి పెడుతుంది. చదివేవారు ఉంటే చాలు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, డిస్క్ పాడైనా ఒక్క ఖాతాయే కూలవచ్చు కదా అని. నిజమే. ఆ యూజరు ఫైలు ఉన్న చోటే డిస్క్ చెడితే మిగతావాళ్లకు తెలియదు. మెమరీ లోపమైతే బరువైన పని చేసేవారికే బయటపడవచ్చు. అందుకే కొత్త ఖాతాలో అంతే బరువైన పని చేయించాలని, డిస్క్ ఆరోగ్యమూ చూడాలని అనేది. ఆనవాలు దారి చూపుతుంది, తీర్పు పరీక్షే చెప్పాలి. రెండోది, కొత్త ఖాతా ఇచ్చేస్తే సరిపోదా అని. చాలాసార్లు సరిపోతుంది. కానీ పాత యాప్‌డేటాను మొత్తం కాపీ చేస్తే జబ్బు కూడా వెంట వస్తుంది. మోయాల్సింది పత్రాలు, ఫొటోలు. సెట్టింగులు కావు. మూడోది బరువైనది: కస్టమర్ తొందర, షాపు మీద పని ఒత్తిడి, ఫార్మాట్‌తో రెండు గంటల్లో అయిపోతుంది అనేది. నిజంగా అయిపోతుందా? విండోస్ ఎక్కాక డ్రైవర్లు, ప్రింటర్, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ అన్నీ మళ్లీ వేయాలి. తర్వాత బ్యాకప్‌లోంచి పాత ఫోల్డర్లన్నీ యథాతథంగా తెచ్చి పెడితే ఆ దోషి ప్రోగ్రామూ వారంలో తిరిగి రావచ్చు. అప్పటికి కారణం చెప్పే సాక్ష్యాలన్నీ మనమే తుడిచేసి ఉంటాం.

పోయేది సమయం ఒక్కటే అయితే ఇంతగా చెప్పాల్సిన పని లేదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా ఆ యూజరు గదిలోనే, సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. బ్యాకప్ తీయకుండా దాన్ని ఫార్మాట్ చేస్తే పెళ్లి ఫొటోలు, విద్యార్థి ప్రాజెక్టు, చిన్న వ్యాపారి లెక్కలు యంత్రంతో పాటు బాగుపడవు, పోతాయి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనూ విజయనగరం జేఎన్‌టీయూలోనూ కంప్యూటర్ చదువుతున్న మన పిల్లలకు ప్రోగ్రాము రాయడంతో పాటు, చెడిన యంత్రం ముందు కూర్చుని ఓపిగ్గా కారణం వెతకడమూ నేర్పాలి. ఇక కంప్యూటర్ ఉన్న ప్రతి పాఠకునికీ ఒక మనవి. రిపేరుకు ఇచ్చేటప్పుడు మీరే అడగండి: "వేరే ఖాతాలో పెట్టి చూశారా?" చూడలేదంటే, చూసేదాకా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి.