కబురు అందింది, కానీ

ఇంజినీరింగ్‌లో క్లాడ్ షానన్ బొమ్మ ఒకటి గీయించేవారు. ఒక డబ్బాలో పంపేవాడు, ఇంకో డబ్బాలో అందుకునేవాడు, మధ్యలో దారి, ఆ దారిలోకి దూరే రొద. సందేశానికి అర్థం ఏమిటన్నది ఇంజినీరు పట్టించుకోవలసిన సంగతి కాదని షానన్ 1948 నాటి పేపర్ మొదట్లోనే తేల్చేస్తాడు. ఆ బొమ్మలో రెండు డబ్బాలూ ఒకే సైజులో ఉంటాయి. ఎవరు పైన, ఎవరు కింద అన్న ప్రశ్నకి అక్కడ చోటు లేదు. మాటంటే ఇంతే అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. తేడా వస్తే రొద తగ్గించుకోవాలి, అంతే కదా.

జుడిత్ బట్లర్ 'ప్రికేరియస్ లైఫ్' (2004) చదివాక ఆ బొమ్మ మీద నమ్మకం పోయింది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాతి అమెరికాలో రాసిన ఐదు వ్యాసాల పుస్తకం ఇది. అందులో ఒక చిన్న ఉదంతం ఉంది. ఇజ్రాయెల్ సైన్యం చేతిలో చనిపోయిన రెండు పాలస్తీనా కుటుంబాల మరణవార్తలని, అమెరికా పౌరసత్వం ఉన్న ఒక పాలస్తీనియన్ 'శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్' పత్రికకి పంపారు. చనిపోయినట్టు రుజువు లేకుండా వేయలేం అన్నారు. కావాలంటే స్మృతి ప్రకటనగా ఇవ్వొచ్చన్నారు. సరేనని తిరగరాసి పంపితే, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేదంటూ దాన్నీ తిప్పికొట్టారు.

ఇందులో రొద ఎక్కడుంది? కబురు పొల్లుపోకుండా అందింది. బహుశా అందుకే వద్దన్నారు.

హాబర్‌మాస్ అయితే దీన్ని వక్రీకరించిన సంభాషణ అంటాడేమో. 1981లో రెండు సంపుటాలుగా వచ్చిన తన సిద్ధాంతంలో ఆయన ఆశ పెట్టుకున్నది, ఎవరి ఒత్తిడీ లేకుండా మెరుగైన వాదన నెగ్గే మాటల మీద. అలాంటి చోటు నిజంగా ఉందని ఆయన అనలేదు, కొలబద్దగా పనికొస్తుందన్నాడు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పోయినవాళ్ల కోసం ఏడవడం ఏ వాదన కిందికి వస్తుంది? అందులో నెగ్గాల్సింది ఏముంది?

ఇక్కడ నాకు లియొతార్ ఎక్కువ అక్కరకొచ్చాడు. 'పోస్ట్‌మోడర్న్ కండిషన్' పేరు అందరూ చెబుతారు గానీ, 1983 నాటి 'ది డిఫరెండ్' అంతకన్నా బరువైన పుస్తకం. మొదలవడమే హోలోకాస్ట్‌ని కాదనేవాళ్ల కొర్రీతో మొదలవుతుంది: గ్యాస్ చాంబర్ మనుషుల్ని చంపిందని చెప్పాలంటే అందులో చచ్చినవాడే వచ్చి సాక్ష్యం చెప్పాలట. జరిగిన అన్యాయాన్ని చెప్పుకునే దారి కూడా ఆ అన్యాయంతోనే మూసుకుపోతే, ఆ మనిషి ఫిర్యాదుదారు కూడా కాలేడు. పత్రికాఫీసు అడిగిన రుజువు ఇంత క్రూరమైనది కాదు, నిజమే. కొర్రీ పనిచేసే పద్ధతి మాత్రం అదే.

బట్లర్ వాడే 'వల్నరబిలిటీ' అనే మాటకి తెలుగు వెతుక్కుంటూ చాలాసేపు కూర్చున్నాను. బలహీనత కాదు, దుర్బలత్వం అసలే కాదు. లాటిన్‌లో దాని వేరు గాయం. 'గాయపడే గుణం' అంటే కొంత దగ్గరగా ఉంటుంది. మన ఒళ్లూ మన పేరూ మొదటినుంచీ ఇతరుల చేతుల్లో ఉన్నాయి, అందరమూ గాయపడగలం, కానీ అందరి గాయమూ ఒకేలా లెక్కకు రాదు అంటారు బట్లర్. ఇంతవరకూ పేచీ లేదు. తర్వాతి అడుగు దగ్గరే నేను ఆగిపోయాను. తన గాయాన్ని గుర్తించిన దేశం వెంటనే యుద్ధానికి పరిగెత్తకుండా దుఃఖంలో కాసేపు నిలబడితే, ఎదుటివాళ్ల గాయమూ కనబడుతుందని బట్లర్ ఆశ. బలవంతుడు తన గాయాన్ని ఎప్పుడు దాచుకున్నాడని? పొద్దస్తమానం దాని గురించే మాట్లాడతాడు. దానికి భద్రత అని పేరు పెడతాడు. గాయాన్ని ఒప్పుకోవడం దానంతటదే ఎవరినీ మెత్తబరచదు.

ఫూకో 1976లోనే ఈ ఆశకి అడ్డుపుల్ల వేశాడు. పాపం ఒప్పుకోలు గురించి రాస్తూ, అధికారం మాట్లాడేవాడి దగ్గర కాదు, నోరు మెదపకుండా వినేవాడి దగ్గర ఉంటుందన్నాడు. ఇది అర్థం కావడానికి నాకు చర్చి అక్కర్లేకపోయింది. ఒక ఉద్యోగంలో మేనేజర్ తలుపు వేసి, మనసు విప్పి మాట్లాడు అన్నాడు. నిద్ర పట్టడం లేదని చెప్పాను. ఆర్నెల్ల తర్వాత అప్రైజల్‌లో 'ఒత్తిడి తట్టుకోవడంలో మెరుగుపడాలి' అని వచ్చింది. విన్నాడు, బాగానే విన్నాడు.

మరి చెప్పుకోకుండా ఉండాలా? ఫూకోని అక్కడిదాకా లాగితే ఆ మరణవార్తలు అసలు పంపకూడదు. ఆ పని నా వల్ల కాదు. వాటిని పంపిన మనిషి ఆ పత్రిక జాలి అడగలేదు, తన గుట్టేమీ విప్పలేదు. పేర్లు, వయసులు అచ్చు వేయమన్నారు, అంతే. ఒప్పుకోలుకీ ప్రకటనకీ ఉన్న ఈ తేడాని బట్లర్ ఇంకొంచెం పట్టుకుని ఉంటే బాగుండేది.

పత్రిక వద్దన్న ఆ స్మృతి ప్రకటనలని బట్లర్ పుస్తకం వెనక నోట్స్‌లో, చిన్న అక్షరాల్లో ఇచ్చారు. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ పేజీ తిప్పనేలేదు.