నా ఓటు హార్డ్‌వేర్‌కే

హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా హార్డ్‌వేర్ అంటాను. సైబరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఈ మాట అనేవాళ్లం కొద్దిమందిమే. ఈ ప్రాంతం సాఫ్ట్‌వేర్ పెట్టిన అన్నం తింటోంది, కాదనను. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి దాని చుట్టూ ఉన్నవి బండరాళ్లూ పొదలే. ఇవాళ అక్కడ ఇన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయంటే అది కోడ్ రాసినవాళ్ల కష్టమే. వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. అయినా నా మనసు యంత్రం వైపే లాగుతుంది.

నాది చిప్ వెరిఫికేషన్ ఉద్యోగం. రాయదుర్గం, మాదాపూర్, కొండాపూర్ చుట్టుపక్కల అద్దాల మేడల్లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, ఎన్విడియా, మైక్రాన్ లాంటి కంపెనీల ఇంజినీర్లు చిప్‌ల మీద పనిచేస్తున్నారు. 1999లో హైదరాబాద్‌లోనే పుట్టిన మాస్‌చిప్ కూడా ఉంది. బయటివాళ్ల లెక్కలో ఇవన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. లోపలికొచ్చి చూసినా తేడా కనపడదు. మా డెస్కుల మీద ఉండేవీ కీబోర్డూ మానిటర్లే. చిప్ ఎలా నడవాలో డిజైనర్లు వెరిలాగ్ అనే భాషలో రాస్తారు. అది అలాగే నడుస్తోందో లేదో తేల్చడానికి మేం సిస్టమ్ వెరిలాగ్‌లో టెస్టులు రాస్తాం. సాయంత్రం రిగ్రెషన్ పెట్టి, అంటే టెస్టులన్నీ మళ్లీ నడవడానికి వదిలి, ఇంటికెళ్తాం. పొద్దున్నే వచ్చి, ఫెయిలైన టెస్టుల్లో ఒక్కోదానికి సిగ్నళ్ల కదలికను గీతల్లో చూపే వేవ్‌ఫామ్ తెరిచి, ఏ క్లాక్ దగ్గర ఏ సిగ్నల్ దారి తప్పిందో వెనక్కి వెతుక్కుంటూ పోతాం. రోజంతా అదే పని.

దీన్ని సాఫ్ట్‌వేర్ నుంచి వేరుచేసేది టేపౌట్. అంటే, డిజైన్ మొత్తాన్ని చిప్‌లు తయారుచేసే ఫౌండ్రీకి పంపేసే రోజు. తైవాన్‌లోనో ఇంకెక్కడో వాళ్లు అచ్చుల్లాంటి మాస్కులు చేసి, సిలికాన్ మీద పొర తర్వాత పొర వేసి, చిప్‌ను మా చేతికివ్వడానికి నెలలు పడుతుంది. అప్పుడు తప్పు బయటపడితే కొన్నింటిని ఫర్మ్‌వేర్‌తో దాటేయొచ్చు. మిగతావాటికి మళ్లీ మాస్కులు, మళ్లీ ఖర్చు, మళ్లీ నెలలు. దాన్ని రీస్పిన్ అంటారు. అది రాకూడదనే టేపౌట్‌కు ముందు వారాల్లో ప్రతి అనుమానాన్నీ పట్టుకుని వేలాడతాం. ‘ఇలా ఎవరు వాడతార్లే’ అన్న మాట అప్పుడు చెల్లదు. నాకు ఈ పనిలో నచ్చేది సరిగ్గా ఈ పట్టుదలే. వెనక్కి తీసుకునే వీల్లేదని తెలిసినప్పుడు మనిషి ఆలోచించే తీరే మారిపోతుంది.

ఇంటెల్ పెంటియం కథ మా రంగంలో అందరికీ తెలిసిందే. భాగహారం చేసేటప్పుడు ఆ చిప్ చూసుకునే పట్టికలో 1,066 విలువలు ఉండాలి. అందులో ఐదు చేరలేదు. చాలా అరుదైన అంకెల దగ్గర మాత్రమే జవాబు తప్పేది. 1994లో అమెరికాలో ఒక గణితాచార్యుడు ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తూ దాన్ని పట్టుకున్నారు. చిప్‌లు మార్చివ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఒక చిప్ సరైనదని టెస్టులతోనే కాకుండా గణితపరంగా రుజువు చేసే ఫార్మల్ వెరిఫికేషన్‌కు ఆ తర్వాత పరిశ్రమలో విలువ బాగా పెరిగింది. ఆ ఐదు గడుల పాఠం మా రోజువారీ పనిలో ఇప్పటికీ ఉంది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికితే అప్‌డేట్ పంపొచ్చు. అది మంచి వెసులుబాటే, కాదనడానికి లేదు. కానీ దానికీ హద్దుంది. 2024 జులై 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంపెనీ గంటన్నరలోపే తప్పు దిద్దింది. అప్పటికే పడిపోయిన కంప్యూటర్‌కు ఆ దిద్దుబాటు చేరేదెలా? చాలాచోట్ల ఐటీ సిబ్బంది ఒక్కో కంప్యూటర్ దగ్గరకూ నడిచివెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలు తీసేయాల్సి వచ్చింది. చివరికి మనిషి యంత్రం ముందు కూర్చుంటే తప్ప పని కాలేదు.

ఇక నాకు ఈ ఇష్టం పుట్టింది హైటెక్ సిటీలో కాదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎంతమందికి తెలుస్తుందో కానీ, సీటీసీ అంటే జంట నగరాల్లో కంప్యూటర్ కొన్నవాళ్లందరికీ తెలుసు. ఇంజినీరింగ్ రోజుల్లో అక్కడి ఇరుకు కారిడార్లలో ర్యామ్ ధరలు కనుక్కుంటూ తిరిగినవాణ్ని. ఈమధ్య నా ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే అన్నారు. వాళ్లు చెప్పిన ధర కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగానికి దగ్గర్లో ఉంది. అక్కణ్నుంచి నేరుగా సీటీసీకి పట్టుకెళ్లాను.

అక్కడి మెకానిక్ బోర్డు బయటికి తీసి, మల్టీమీటర్ ముల్లు పవర్ లైన్ మీద పెట్టాడు. కీమని మోగింది. ‘షార్టున్నది సార్, బోర్డు మంచిగనే ఉన్నది, ఆగుండ్రి’ అన్నాడు. ఆ లైన్‌కు పవర్ సప్లై నుంచి ఒక వోల్టు మాత్రమే ఇచ్చి, బోర్డు మీద బ్రష్‌తో స్పిరిట్ పూశాడు. ఇద్దరం వంగి చూస్తున్నాం. బోర్డంతా తడిగా మెరుస్తుంటే ఒక్కచోట మాత్రం చిటికెలో ఆరిపోయింది. షార్టయిన భాగం గుండా కరెంటంతా పారి అది వేడెక్కుతుంది, స్పిరిట్ ముందు అక్కడే ఆవిరవుతుంది. నువ్వుగింజంత కెపాసిటర్ అది. వేడిగాలి గన్ పట్టి దాన్ని లేపేశాడు. మళ్లీ ముల్లు పెడితే మోత లేదు. పక్కనున్న పాత బోర్డు నుంచి అలాంటిదే ఒకటి తీసి అతికించాడు. ల్యాప్‌టాప్ లేచింది.

వేవ్‌ఫామ్‌లో నేను చేసేదీ ఇదే వెతుకులాట: అనుమానాన్ని కుదించుకుంటూ పోయి ఒక్క చోటుకి తేవడం. ఆ మెకానిక్ మాత్రం దాన్ని వేలితో తాకి చూపించగలడు. ఆ విద్యను మనం చిన్నచూపు చూస్తున్నాం. బోర్డే మార్చేయమనే సర్వీస్ సెంటర్ కన్నా, ఆ కెపాసిటర్‌ను పట్టుకున్న మనిషే నా దృష్టిలో పెద్ద ఇంజినీరు.

హైదరాబాద్‌కు హార్డ్‌వేర్ నిన్నమొన్న వచ్చింది కాదు. 1967లోనే ఇక్కడ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు దాన్ని నిలబెట్టారు. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్‌ను ఈసీఐఎల్ తయారుచేసింది. టీవీలు చేసింది, ఓటింగ్ యంత్రాలు చేస్తోంది. ఆయన పేరిట వెలిసిన ఏఎస్ రావు నగర్‌లో ఉంటున్న ఎంతమంది పిల్లలకు ఈ సంగతి తెలుసు? 2006లో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఫ్యాబ్ సిటీ అన్నారు. అక్కడే చిప్‌లు తయారవుతాయన్నారు. ఆ ఫ్యాక్టరీ రాలేదు. మనం ఇక్కడ డిజైన్ చేసిన చిప్ పుట్టేది వేరే దేశంలోనే. ఈ లోటు నన్ను బాధపెడుతుంది.

ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వచ్చిందంటే చాలు, అందరికీ సీఎస్ఈయే కావాలి. ఆ సీటు రాకే ఈసీఈలో చేరిన పిల్లలు చివరి ఏడాదిలో అమీర్‌పేట మైత్రీవనం దారి పట్టి, జావా నేర్చుకుని, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోతున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఇంటి అవసరాలు వాళ్లకుంటాయి. కానీ ఇదే ఊళ్లో చిప్ కంపెనీలున్నాయి. 2023 మార్చిలో రాయదుర్గంలో మొదలైన, వస్తువుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్‌లో, 78,000 చదరపు అడుగుల్లో, త్రీడీ ప్రింటర్లూ, లోహం కోసే యంత్రాలూ, సర్క్యూట్ బోర్డులు చేసుకునే సదుపాయమూ ఉన్నాయి. పక్కనే ఉన్న స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ పేరు తెలిసిన పిల్లలు టీ-వర్క్స్‌లో ఒక్కసారైనా అడుగుపెట్టాలి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ అమ్మాయో అబ్బాయో ఇంట్లో రిమోట్ విప్పి చూసే రకమైతే, ఈసీఈ అంటే వద్దనకండి. బ్రాంచి సంగతి తర్వాత, ముందు ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్ కొనివ్వండి. రెండూ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.