ఇంగ్లీషువాళ్ల ఉడుంపట్టు

లేత్ మిషన్ మీద రెండు సెంటర్ల మధ్య ఇనుప కడ్డీని నిలిపి చూడండి. ఆ రెండు మొనలు కడ్డీని మోస్తాయే గాని గట్టిగా తిప్పలేవు. అందుకని కడ్డీ చివర ఒక ఇనుప పట్టు తొడిగి, మర బిగించి, దాని వంకర తోకను ముందున్న ప్లేటు గాడిలో దూరుస్తారు. ఇక ప్లేటు తిరిగితే కడ్డీ తిరగాల్సిందే. ఆ పట్టు పేరు డాగ్. దాన్ని చేత్తో పట్టుకుని చూసినవాడికి ఆ పేరెందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. అది కడ్డీని కరిచి పట్టుకుంటుంది.

నిఘంటువు తెరిస్తే డాగ్ అంటే కుక్క, అంతే. నాకు మాత్రం ఇంగ్లీషు పనివాళ్లు ఈ ఒక్క మాటతో చేసిన పని ముందు అది చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

పాత ఇంగ్లీషులో కుక్కకి మామూలు మాట హుండ్. జర్మన్లు నేటికీ అదే అంటారు. డాగ్ అప్పట్లో ఎక్కడో అరుదుగా కనిపించే మాట, దాని పుట్టుక భాషా పండితులకి ఇప్పటికీ అంతుపట్టలేదు. అలాంటిది 16వ శతాబ్దం వచ్చేసరికి ఇల్లంతా ఆక్రమించింది. హౌండ్‌గా మారిన హుండ్‌కి వేటకుక్క అనే ఒక్క గది మిగిలింది.

ఆ తర్వాత ఈ మాట ఇనుములోకీ కొయ్యలోకీ పాకింది. వడ్రంగి బల్ల మీద చెక్క జరగకుండా ఆపే మేకు డాగ్. ఓడల్లో నీళ్లు చొరబడకుండా తలుపును అదిమిపెట్టే గడియలు డాగ్‌లు. రెండు ఇరుసుల పళ్లను ఒకదాన్నొకటి కరిపించేది డాగ్ క్లచ్. చలిదేశాల ఇళ్లలో నిప్పుగూటి ముందు దుంగలను మోసే ఇనుప కాళ్లు ఫైర్‌డాగ్‌లు. ఫ్రెంచివాళ్లు వాటికి పెట్టుకున్న పేరు కూడా వాళ్ల కుక్క మాటలోంచి వచ్చిందే.

మన దగ్గర పట్టాల మీద పనిచేసినవాళ్లకి డాగ్ స్పైక్ తెలుసు. రైలు పట్టా అంచును కొయ్య స్లీపర్‌కి అదిమిపట్టే మేకు అది. నలుపలకల ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చి పట్టాను నొక్కే తల, ఆ తలకి రెండు పక్కలా చెవుల్లాంటి చిన్న బుడిపెలు. మేకును పెరికేటప్పుడు గునపం కొన పట్టు దొరికేది ఆ చెవుల కిందే. కాంక్రీటు స్లీపర్లూ స్ప్రింగు క్లిప్పులూ వచ్చాక చాలాచోట్ల దాని పని అయిపోయింది.

ఇలాంటి మాట ఎదురైనప్పుడు జంతువులో ఏ గుణాన్ని తీసుకున్నారని అడగాలి. తలుపు గడియకి కోర, పుస్తకంలో మడిచిన పేజీ మూలకి చెవి, ఒక వరస ఎక్కి మలుపు తిరిగి రెండో వరస ఎక్కే డాగ్ లెగ్ మెట్లకి వెనక కాలి వంపు. మన ఇంజినీర్ల ప్లాన్లలో రోజూ కనిపించే మెట్లే అవి. క్రియగా వాడితే వాసన పట్టి వదలకుండా వెంటపడటం.

తెలుగు ఆ పట్టును కుక్కలో చూడలేదు, ఉడుములో చూసింది. అందుకే మనకి ఉడుంపట్టు. కుక్కను మనం ఎక్కువగా చెట్టూచేమల దగ్గరికి తీసుకెళ్లాం. కుక్కతులసి, కుక్కవామింట, కుక్కమూతి పిందె. ఇంటి తులసి కాదు, కూరకొచ్చే వామింట కాదు అని వేరు చేయడానికి. ఇంగ్లీషు పల్లెజనమూ సరిగ్గా ఇదే చేశారు. వాసన లేని వయొలెట్ వాళ్లకి డాగ్ వయొలెట్. కాని వానకు మొలిచే పుట్టగొడుగు మనకి కుక్కగొడుగైతే, వాళ్లకి కప్ప కూర్చునే పీట. ఆకాశంలో మృగవ్యాధుడని మనం వేటగాణ్ణి చూసిన నక్షత్రంలో వాళ్లు వేటగాడి కుక్కను చూశారు.

ఇలాంటి వాడుకలన్నిటినీ ఇంగ్లీషులో పోగుచేయడానికి తరాలు పట్టింది. ఎవరు ఎప్పుడు ఏ వాక్యంలో వాడారో చీటీల మీద రాసి పంపిన వేలమంది పాఠకుల పుణ్యమా అని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తొలి భాగం 1884లో వచ్చింది, మొదటి కూర్పు 1928లో పూర్తయింది. మన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పుస్తకాల్లో ఆగకుండా రైతుల నోటికే వెళ్లారు. ఆయన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. తర్వాత చేనేత మాటలకీ అలాంటి సంపుటం వచ్చింది.

లేత్ షెడ్లకి కూడా అలా ఎవరైనా నోటుపుస్తకంతో వెళ్లాలని నా కోరిక. బెజవాడ ఆటోనగర్‌లో సగం ఇంగ్లీషు, సగం తెలుగు కలిసిన మాటలు పొద్దుట్నుంచి రాత్రి దాకా చేతులు మారుతుంటాయి. అక్కడి పెద్ద మేస్త్రీ మర బిగిస్తూ కుర్రాడికి డాగ్ అని ఒక్కసారే చెబుతాడు. కుర్రాడు దాని తోకను గాడిలోకి తోస్తాడు, కడ్డీ తిరగడం మొదలవుతుంది.