ఫోకస్ ఎక్కడ ఆగాలి: జూలియా మార్గరెట్ కామెరన్ పోర్ట్రెయిట్లు

పోర్ట్రెయిట్ ఫోటోగ్రఫీలో రెండు కోరికలకు మొదటినుంచీ పొత్తు కుదరడం లేదు. బొమ్మ మచ్చా మరకా లేకుండా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా స్ఫుటంగా రావాలన్నది ఒకటి. ఎదుట కూర్చున్న మనిషి మనసులో ఉన్నది ముఖంలో తెలియాలన్నది రెండోది. రెండూ ఒకే ఫోటోలో ఇమిడితే పేచీ లేదు. ఇమడనప్పుడు దేన్ని వదులుకోవాలి? ఈ ప్రశ్నను విక్టోరియన్ ఇంగ్లండ్‌లో అందరి ముందూ పెట్టి, తన పనితోనే జవాబు చెప్పిన ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరన్. ఆమె ఫోటోలు మసకగా ఉంటాయన్నది అందరూ చెప్పే మాట. ఆ మసక ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు అన్నది విడివిడిగా చూస్తే తప్ప ఆమె పద్ధతి అర్థం కాదు.

కామెరన్ 1815లో కలకత్తాలో పుట్టింది. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, తల్లిది ఫ్రెంచి కుటుంబం. 1838లో ఆమె పెళ్లాడిన చార్లెస్ హే కామెరన్ న్యాయకోవిదుడు. మెకాలేతో పాటు లా కమిషన్‌లో పనిచేశాడు. 1848లో దంపతులు ఇంగ్లండ్ చేరారు. 1860లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్‌లో ఇల్లు కొన్నారు. కవి టెన్నిసన్ వాళ్లకు ఇరుగుపొరుగు. 1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ ఆమెకు ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆమెకు 48 ఏళ్లు, ఆరుగురు పిల్లల తల్లి. బొగ్గుల కొట్టు డార్క్‌రూమ్ అయింది. గాజు పలకలు బిగించిన కోళ్ల షెడ్డు స్టూడియో అయింది. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్ల ఫోటో కుదరగానే దాన్ని తన మొదటి విజయమని రాసుకుంది. ఆ తర్వాత పదేళ్లు దాటీ దాటకుండానే ఇంచుమించు తన పనంతా చేసేసింది. ఇవాళ గుర్తించిన ఆమె చిత్రాలు 1,200కు పైనే.

ఆమె మొదలుపెట్టేనాటికి పోర్ట్రెయిట్ అంటే కార్ట్-ద-విజీత్. పారిస్‌లో డిస్డెరి 1854లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. ఒకే ప్లేటు మీద ఎనిమిది బొమ్మలు తీసి, ముక్కలుగా కోసి, చిన్న అట్టల మీద అంటిస్తారు. చవక కాబట్టి లక్షల్లో అమ్ముడుపోయింది. మనిషి నిలువెత్తున కనిపిస్తాడు; వెనక ఒక స్తంభం, పక్కన తెర, చేతికింద బల్ల. తల కదలకుండా వెనకనుంచి ఇనుప కొయ్య ఆనించేవారు. అట్ట మీద ముఖం చింతగింజంత ఉండేది. బట్టల కుట్టు, కుర్చీ చెక్కుడు, మనిషి హోదా అన్నీ స్పష్టంగా తెలిసేవి. నాటి స్టూడియోల నైపుణ్యం తక్కువది కాదు గానీ అది లెక్కపెట్టగలిగిన వివరాల నైపుణ్యం. ఆ అట్టల మీది ముఖాలన్నీ ఒకే తీరుగా ఉండటానికి ముఖం అంత చిన్నదవడం, తల బిగించడం చాలు.

కామెరన్ వాడిన రసాయన ప్రక్రియ మాత్రం అందరూ వాడిందే. దాన్ని తడి కొలోడియన్ అంటారు. శుభ్రంగా తుడిచిన గాజు పలక మీద జిగురుగా ఉండే కొలోడియన్‌ను పోసి, నాలుగు మూలలకూ పారేట్టు వంచుతారు. చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచితే పలకకు వెలుతురును పట్టే గుణం వస్తుంది. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, ఆరకముందే డెవలప్ చేయాలి. తర్వాత ఫిక్స్ చేసి, కడిగి, వార్నిష్ పూయాలి. ఈ పనుల్లో ఎక్కడ దుమ్ము పడ్డా, వేలు తగిలినా, ద్రావకం ఒక పక్కకు ఎక్కువగా పారినా ఆ గుర్తు నెగటివ్‌లో ఉండిపోతుంది. ప్రింటు గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద, నెగటివ్‌ను నేరుగా ఆనించి ఎండలో తీస్తారు. కనుక బొమ్మ ఎంత పెద్దది కావాలంటే గాజు పలకా అంత పెద్దది కావాల్సిందే.

ఆమె పెద్ద పలకే కోరుకుంది. మొదటి కెమెరా సుమారు 11 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు పలకలది. 1866లో 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు పలకలు పట్టే కెమెరా, దానికి 30 అంగుళాల ఫోకల్ లెంగ్త్ ఉన్న డాల్‌మయర్ లెన్స్ వచ్చాయి. వీటితో తలను దాదాపు అసలు పరిమాణంలో తీయాలని పట్టుబట్టింది. మసక గొడవకు మూలం ఇక్కడే ఉంది. కెమెరా ముఖానికి దగ్గరయ్యేకొద్దీ, బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. అంత పెద్ద తలను లెన్స్ బాగా తెరిచి తీస్తే ఆ మందం అంగుళానికి అటూ ఇటూగానే మిగులుతుంది. కన్ను స్ఫుటంగా ఉంటే చెవి ఉండదు. చెవికి ఫోకస్ పెడితే ముక్కు కరిగిపోతుంది. లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేస్తే మందం పెరుగుతుంది కానీ వెలుతురు పడిపోతుంది. పైగా దగ్గరి బొమ్మ కోసం కెమెరా తిత్తిని బాగా బయటికి లాగాలి, అందువల్లా వెలుతురు తగ్గుతుంది. అప్పటికే నిమిషాల్లో ఉన్న ఎక్స్‌పోజర్ ఇంకా సాగిపోతుంది.

ఈ ఇరకాటంలో ఆమె ఏం చేసిందో 1874లో మొదలుపెట్టి అసంపూర్తిగా వదిలేసిన ఆత్మకథా వ్యాసంలో తనే చెప్పింది. కెమెరా వెనక ఉండే గరుకు గాజు (గ్రౌండ్ గ్లాస్) మీద బొమ్మను చూస్తూ ఫోకస్ తిప్పేటప్పుడు, తన కంటికి అందంగా తోచిన చోట చెయ్యి ఆపేసేది. మిగతావాళ్లు ఇంకాస్త తిప్పి గీతలన్నీ తేరేదాకా ఆగరు. తేడా ఆ కాస్త తిప్పుడులోనే ఉంది. మొదట్లో ఇది అనుకోకుండా జరిగిందే. ఫలితం చూశాక దాన్నే పద్ధతిగా నిలబెట్టుకుంది. చేతకాక వచ్చిన మసకే ఐతే అనుభవం పెరిగేకొద్దీ తగ్గాలి. అది తగ్గలేదు, ఎక్కడ ఉండాలో అక్కడికి చేరింది.

1867 ఏప్రిల్లో తీసిన జాన్ హెర్షెల్ పోర్ట్రెయిట్‌లో ఇది బాగా కనిపిస్తుంది. హెర్షెల్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఫోటోను కడిగి నిలబెట్టే హైపో గుణాన్ని కనిపెట్టినవాడు, నెగటివ్, పాజిటివ్ అన్న మాటలను ఫోటోగ్రఫీలో వాడుకకు తెచ్చినవాడు. కామెరన్‌కు ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. ఆమె కలకత్తాలో ఉన్న రోజుల్లోనే ఈ కొత్త విద్య నమూనాలను పంపాడు. ఆయన ఇంటికే సరంజామా మోసుకెళ్లి, 75 ఏళ్ల ఆ ముసలాయన జుట్టును కడిగించి, ఆరబెట్టించి, చెదిరిపోనిచ్చింది. ఒంటి చుట్టూ నల్లగుడ్డ. వెనక ఏమీ లేదు. వెలుతురు ఒక పక్కనుంచే వస్తోంది. తెల్లజుట్టు ఆ వెలుతురులో మెరుస్తూ చీకట్లోకి కలిసిపోతుంది. కళ్ల కింది సంచులు, నుదుటి ముడతలు, గీయని గడ్డం మొలకలు కంటికి అందేంత స్పష్టంగా ఉన్నాయి, భుజాలు లేనట్టే. చూపు నేరుగా కళ్ల మీదికి పోక తప్పదు. ఏం చూపాలో, ఏం వదలాలో ఆమె ముందే తేల్చుకుంది.

రచయిత కార్లైల్ పోర్ట్రెయిట్‌లోని మసక వేరు. ఫోకస్ వల్ల వచ్చే మసక దూరాన్ని బట్టి మారుతుంది, కదలిక వల్ల వచ్చేది ముఖమంతా అలుముకుంటుంది. ఎక్స్‌పోజర్ మూడు నిమిషాల నుంచి ఏడు నిమిషాల దాకా పట్టేది. ఇనుప కొయ్యను ఆమె పక్కన పెట్టేసింది. అంతసేపు ఎవరైనా కొంచెమైనా ఊగుతారు. కార్లైల్ తల ఇంకా చెక్కడం పూర్తికాని రాతిలా వచ్చింది. దాన్ని పారేయకుండా ప్రింటు తీసి ప్రదర్శించింది. ఈ సుదీర్ఘ నిరీక్షణకు ఇంకో ఫలితం ఉంది. ఫోటో కోసం తెచ్చిపెట్టుకున్న ముఖం ఎవరికైనా అర నిమిషం నిలుస్తుంది. నవ్వు సడలుతుంది, బింకం తగ్గుతుంది, మనిషి తన ఆలోచనలో తాను పడతాడు. ఆమె చిత్రాల్లో నవ్వే ముఖాలు అరుదుగా ఉండటానికీ, ఉన్న ముఖాల్లో అంత లోతు కనిపించడానికీ లెన్స్ కన్నా ఈ నిమిషాలే ఎక్కువ కారణం.

వెలుతురు విషయంలో ఆమె స్టూడియోల వాడుకకు ఎదురు నడిచింది. వాళ్లు పైకప్పు గాజుల నుంచి సమంగా పరుచుకునే వెలుతురు కోరేవారు. ఆమె తెరలతో చాలా గాజులను మూసేసి, ఒకవైపునుంచో కొంచెం పైనుంచో మాత్రం రానిచ్చేది. కొలోడియన్ నీలాన్ని బాగా పట్టుకుని ఎరుపు, పసుపు రంగులను నల్లబరుస్తుంది. అందువల్ల లేత రంగు కళ్లు వెలిగిపోతాయి, ఎర్రబారిన చర్మం చిక్కబడుతుంది. 1867లో చెల్లెలి కూతురు జూలియా జాక్సన్‌ను ఎదురుగా కూర్చోబెట్టి తీసిన చిత్రంలో సగం ముఖం వెలుతురు, సగం చీకటి. మెడ నరం బిగుసుకుని ఉంది. ఈ జూలియా తర్వాత రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కు తల్లి అయింది. స్టూడియోవాడి చేతిలో పడితే ఆ మెడ నరం రీటచింగ్‌లో చెరిగిపోయేది.

నాటి విమర్శ కఠినంగానే వచ్చింది. ఫోటోగ్రాఫిక్ సొసైటీ పత్రిక 1865లో ఆమె పనిని అశ్రద్ధగా చేసినదిగా తీసిపారేసింది. పీచ్ రాబిన్సన్ లాంటి పేరున్న ఫోటోగ్రాఫర్ ఆ మసకను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఏ ఫోకస్ న్యాయమైనదో నిర్ణయించే హక్కు ఎవరికుందని ఆమె 1864 డిసెంబరులోనే హెర్షెల్‌కు రాసిన ఉత్తరంలో అడిగింది. చిత్రకారులూ కవులూ ఆమె పక్షాన నిలిచారు. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం 1865లో ఆమె ఫోటోలు కొన్నది, 1868లో స్టూడియోకు రెండు గదులిచ్చింది. ఇవాళ ఆ మ్యూజియం పేరు విక్టోరియా అండ్ ఆల్బర్ట్.

విమర్శకుల మాటలో నిజం లేకపోలేదు. వేలిముద్రలు, ద్రావకం చారలు, పొర లేచిపోయిన మూలలు ఆమె కోరి తెచ్చుకున్నవి కావు. వాటన్నిటినీ భావానికి గుర్తులుగా పొగడటం ఆమెకే అన్యాయం. 1869లో ఎంతో ఇష్టమైన నెగటివ్‌లు పదుల సంఖ్యలో పగుళ్లిచ్చినప్పుడు ఆమె తల్లడిల్లి, కారణం వెతుకుతూ తనను తిట్టిన సొసైటీనే సలహా అడిగింది. టెన్నిసన్ కోరిక మీద 1874–75లో ఆర్థర్ రాజు గాథలకు తీసిన బొమ్మల్లో బలహీనత ఇంకో రకం. ఒక దాంట్లో మస్లిన్ గుడ్డ సముద్రం, నెగటివ్ మీద గీకిన గీత చంద్రుడు. అక్కడ ఫోకస్ ఎంత తగ్గించినా గుడ్డ గుడ్డగానే కనిపిస్తుంది. మసక ముఖంలో ఉన్నదాన్ని పైకి తేగలదు, లేనిదాన్ని కల్పించలేదు.

భావం కోసం వెతికే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది, దాన్ని దాటేయకూడదు. హెర్షెల్, డార్విన్, టెన్నిసన్ తమ పేర్లతో నిలిచారు. ఇంటి పనిమనిషి మేరీ హిల్లియర్ మాత్రం ఎన్నో చిత్రాల్లో మరియమాతగా కనిపిస్తుంది. ఆడవాళ్ల ముఖాలకు ఎక్కువగా పాత్రలు దక్కాయి, సొంత పేర్లు తగ్గాయి. 1875లో సిలోన్‌కు తరలిపోయాక తీసిన కొద్ది ఫోటోల్లో అక్కడి తమిళ కూలీలు ఉన్నారు. వాళ్లలో చాలామంది పేర్లు నమోదు కాలేదు. ముఖంలో పలికే భావం ఎవరిదని అడిగితే ఈ చిత్రాలు సమాధానం ఇవ్వలేవు. ఆమె 1879 జనవరిలో సిలోన్‌లోనే చనిపోయింది.

స్ఫుటత్వమే సరైన చోట్లూ ఉన్నాయి. సికిందరాబాద్‌లో 1886లో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. ఆయన దర్బారు పోర్ట్రెయిట్లలో జరీ పోగు, తలపాగా మడత, కత్తి పిడి మీది పనితనం అన్నీ తేటగా కనిపిస్తాయి. ఆ చిత్రాలు హోదాను నమోదు చేయడానికి తీసినవి, వాటిలో ఫోకస్ వదులు చేస్తే అసలు విషయమే పోతుంది. ఇద్దరిలో ఎవరి పని గొప్పదని తూచడం వృథా. దేనికోసం ఫోటో తీస్తున్నారో తెలిసిన ఇద్దరు పనివాళ్లు వాళ్లు.

కామెరన్ పద్ధతి తర్వాతి తరంలో సిద్ధాంతమైంది. కన్ను ఒకసారికి ఒకే చోటును స్ఫుటంగా చూస్తుందన్న వాదంతో ఫోటోగ్రాఫర్ ఎమర్సన్ 1889లో పుస్తకం రాశాడు. స్టీగ్లిట్జ్ 1913లో ‘కెమెరా వర్క్’ పత్రికలో ఆమె చిత్రాలు అచ్చువేశాడు. మెత్తదనం కోసమే లెన్సులు తయారై అమ్మకానికొచ్చాయి, దాంతో మసక అలవాటైన అలంకారంగా దిగజారింది. దానిమీద తిరుగుబాటుగా 1932లో కాలిఫోర్నియాలో వెస్టన్, ఆడమ్స్ వంటి ఫోటోగ్రాఫర్లు కూడి, అతిచిన్న లెన్స్ రంధ్రం కొలత ఎఫ్/64నే తమ బృందానికి పేరుగా పెట్టుకున్నారు.

ఫోన్లలోని పోర్ట్రెయిట్ మోడ్ చేసేది వేరే పని. అది ముఖాన్ని వెనకదాని నుంచి కత్తిరించినట్టు విడదీసి, ముఖమంతా స్ఫుటంగా ఉంచి, వెనకదాన్ని మసకబారుస్తుంది; చాలా ఫోన్లు చర్మాన్ని నున్నగా కూడా చేస్తాయి. కామెరన్ చిత్రంలో మసక ముఖంలోనే, కంటి రెప్పల వెనకే మొదలవుతుంది, చర్మం ఉన్నట్టే ఉంటుంది. ఆ గుణం ఇవాళ కావాలనుకునేవారు ఎఫ్/1.4 దాకా తెరుచుకునే 85 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకుని, ఒక కిటికీ తప్ప మిగతావన్నీ మూసి, దగ్గరగా ఉన్న కంటి రెప్పల మీద ఫోకస్ పెట్టి, కూర్చున్న మనిషిని కొన్ని నిమిషాలు మాట్లాడించకుండా వదిలేస్తే చాలావరకు దాని దగ్గరికి వెళ్లవచ్చు.